టెలిస్కోపు కొనే ముందు ఒకసారి మన బడి మేడెక్కండి

చెన్నై, జనవరి 2026

తల్లిదండ్రులకు నమస్కారం.

డిసెంబరులో మన సైన్స్ టీచరు బడి మేడ మీద గురుగ్రహాన్నీ, దాని పక్కన వరుసగా నిలబడ్డ నాలుగు చంద్రుళ్ళనీ చూపించారు. అప్పటినుంచి నా గదికి వచ్చే నాన్నలు మార్కుల సంగతి వదిలేసి, "మేడమ్, ఇంట్లో టెలిస్కోపు గొడవ పడలేకపోతున్నాం, ఏది కొనమంటారు?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఇక్కడ రాసేయడం మేలనిపించింది.

ఏడో తరగతి పిల్లాడి నాన్నగారు కొన్నది డబ్బాతో సహా తెచ్చి చూపించారు. డబ్బా మీద కొట్టొచ్చినట్టు "525 రెట్లు" అని ఉంది. లోపలి అద్దం వెడల్పు చూస్తే 76 మిల్లీమీటర్లు. ఎంత మంచి అద్దమైనా మిల్లీమీటరుకు రెండు రెట్ల వరకే బొమ్మ నిలుస్తుంది, అంటే దీనికి 150. అంతకు మించి పెంచితే చంద్రుడు నానిన పెరుగువడలా కనిపిస్తాడు. స్టాండు కాళ్ళు మరీ సన్నం. ఫోకస్ మర ముట్టుకుంటే చాలు, చంద్రుడు ఊయల ఊగుతున్నాడు. పాపం, ఆయన ముఖం చూసి నేనేమీ అనలేకపోయాను.

కాబట్టి రెట్ల సంగతి పక్కన పెట్టి అద్దం వెడల్పు అడగండి. 130 మిల్లీమీటర్ల అద్దం 76 దానికంటే దాదాపు మూడింతలు వెలుగు పోగుచేస్తుంది. ఫోకల్ లెంగ్త్ అంటే అద్దమో కటకమో వెలుగును ఒకచోట కూర్చే దూరం, ఐపీస్ అంటే మనం కన్ను పెట్టి చూసే చిన్న కటకం. రెట్ల లెక్క పిల్లల చేతే చేయించవచ్చు: టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించడమే. 650 మిల్లీమీటర్లను 25తో భాగిస్తే 26 రెట్లు, 10తో భాగిస్తే 65. గురుడి మీద రెండు గోధుమరంగు పట్టీలు కనిపించడానికి ఆ 65 చాలు. మన జవ్వాది కొండల్లో, కావలూరులో ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పేరు మీద ఉన్న పెద్ద టెలిస్కోపు కూడా అద్దందే, వెడల్పు 2.34 మీటర్లు. ఆయన పుట్టింది మద్రాసులో, పెరిగింది హైదరాబాదులో.

ఒక మోసం మాత్రం గమనించండి. పక్కనుంచి కన్ను పెట్టి చూసే అద్దం టెలిస్కోపు మీద ఫోకల్ లెంగ్త్ 1000 మిల్లీమీటర్లు అని రాసి ఉండి, గొట్టం చూస్తే అరమీటరే ఉంటే, లోపల ఇంకో కటకం ఇరికించారన్నమాట. అలాంటివాటిలో అద్దాలు సరిచేసుకోవడం కొత్తవాళ్ళకి నరకం.

స్టాండు విషయంలో నా ఓటు డాబ్సోనియన్‌కే. చెక్క పీట లాంటిది, పైకీ కిందికీ, పక్కలకీ చేత్తో తోస్తే తిరుగుతుంది. ఈక్వటోరియల్ స్టాండు, అంటే నక్షత్రాలు కదిలే దారి వెంటే తిరిగేది, చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ, దాన్ని ధ్రువనక్షత్రం వైపు అమర్చుకోవాలి. చెన్నైలో ధ్రువుడు 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు, ఆ పైన ఇంకొంచెం. అక్కడ మనకు కనిపించేది ఎదురింటి వాటర్ ట్యాంకు. పైగా స్టాండును అంత కిందికి వంచితే కొన్నింటిలో టెలిస్కోపుకి సరితూకంగా ఉండే బరువు కడ్డీ వెళ్ళి స్టాండు కాలికే కొట్టుకుంటుంది.

నా సొంత తప్పు కూడా చెప్పేస్తాను. చాలా ఏళ్ళ కిందట నా మొదటి టెలిస్కోపు అద్దం మీద దుమ్ము చూసి, కళ్ళజోడు తుడిచినట్టు చీర కొంగుతో తుడిచాను. మర్నాడు టార్చి వేసి చూస్తే వెంట్రుకల్లాంటి గీతలు. ఈ అద్దాలకి పూత వెనక కాదు, ముందువైపే ఉంటుంది. కాస్త దుమ్ముతో బొమ్మ చెడదు, వదిలేయండి. మన సముద్రపు తేమకి మాత్రం భయపడాలి. చూడ్డం అయ్యాక తడి పూర్తిగా ఆరనిచ్చి, తర్వాతే మూత పెట్టండి.

సూర్యుడి వైపు తిప్పడం మాత్రం వద్దు. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల ఫిల్టర్ డబ్బాలో వస్తే ఆ రోజే చెత్తబుట్టలో వేయండి. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

నగరం వెలుతురులో ఫోటోల్లోని రంగులు ఆశించకండి. మృగశిర దగ్గరి నెబ్యులా, అంటే వాయువుల మేఘం, బూడిదరంగు మరకలాగే ఉంటుంది. శని ఉంగరాలు నిరుడు మార్చిలో మనకు అంచు చూపించాయి, ఇప్పుడూ సన్నటి గీతలాగే ఉన్నాయి. గురుడు మాత్రం ఈ నెలంతా పునర్వసు నక్షత్రాల దగ్గర వెలిగిపోతుంటాడు. అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే 10x50 (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల కటకాలు) బైనాక్యులర్ కొనండి. కృత్తికలు, అదే మన అమ్మమ్మల పిల్లలకోడి, అందులోనే బాగుంటాయి.

భోగి పొగ తగ్గాక, 23వ తేదీ శుక్రవారం సాయంత్రం 7 గంటలకు బడి మేడ మీద మన 130 మిల్లీమీటర్ల టెలిస్కోపు పెడుతున్నాం. ఆ రోజు నెలవంక పక్కనే శని ఉంటాడు. ఫోకస్ మర మీరే తిప్పి చూడండి. ఆ ఏడో తరగతి నాన్నగారిని కూడా తనది తెమ్మన్నాను, స్టాండు కాళ్ళకి ఇసుక సంచి కట్టి చూద్దాం. మెట్ల మీద లైట్లు ఆర్పేస్తాం కాబట్టి చిన్నపిల్లల చేయి పట్టుకుని రండి, ఫోన్లు జేబులోనే ఉంచండి. మబ్బు పడితే 30న.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు