నోట నానని మాట చెవికి ఆనదు

సంపాదకులకు నమస్కారం.

పరభాషను పసిబిడ్డ మాటలు నేర్చినట్టు వింటూ వింటూనే నేర్చుకోవాలని, పదాలను వల్లె వేయించడం కాలం చెల్లిన పద్ధతి అని మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. జర్మనీ వెళ్లదలచిన నర్సుల కోసం మా ఊరి బస్టాండు ఎదుట కట్టిన ఫ్లెక్సీ మీద కూడా ‘బట్టీ అక్కర్లేదు, 90 రోజుల్లో జర్మన్’ అని ఉంది. 31 ఏళ్లు హిందీ పండితుడిగా పనిచేశాను. అంతకంటే ముఖ్యంగా, పరభాషను చెరొక దారిలో నేర్చిన ఇద్దరు ఆడవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి ఆమె మా చెల్లెలు. 14 ఏళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. రాజంపేట, రాయచోటి వైపు ఇలాంటి ఆడపడుచు లేని వీధి అరుదు. విమానం దిగిన నాడు ఆమెకు ఒక్క అరబ్బీ ముక్క రాదు. ‘తాల్’ అంటే రమ్మని, ‘రూహ్’ అంటే పొమ్మని, ‘జీబ్’ అంటే తెమ్మని చేతి సైగలను బట్టి వారం తిరగకుండానే తెలిసిపోయాయట. ఆరు నెలలకు వంటింటి భాష పట్టుబడింది. రెండేళ్లకు ఆ ఇంటి పిల్లలను అరబ్బీలోనే బుజ్జగించి నిద్రపుచ్చేది. వ్యాసకర్త కోరుకునే భాషా వాతావరణం ఇంతకంటే నిండుగా ఎక్కడ దొరుకుతుంది? అయినా ‘నాకు తెలియదు’ అనవలసి వస్తే ఆమె ఇప్పటికీ ‘అనా మాఫీ మాలూమ్’ అనే అంటుంది. కువైటీలు తమలో తాము అనుకునే మాట ‘మా అద్రీ’. అది ఆమె చెవిన ఎన్ని వేల సార్లు పడిందో లెక్క లేదు. కానీ పనివాళ్లతో మాట్లాడేటప్పుడు ఇంటివాళ్లు కూడా అదే విరిగిన అరబ్బీలోకి దిగుతారు, చెప్పిన పని జరిగిపోతుంది, దిద్దేవారు ఉండరు. అందుచేత ఆ భాష అంతకు మించి పెరగవలసిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ కలగలేదు. చదవడానికి ఒక్క అక్షరం రాదు. ఒకసారి పని ఒప్పందం పొడిగిస్తూ ఒక కాగితం ముందు పెడితే, చెప్పిన చోట సంతకం చేసింది. అంతకుముందు రెండేళ్లకొకసారి ఇచ్చే సెలవు అందులో మూడేళ్లకు మారిన సంగతి, ఊరికి రావలసిన ఏడాది టికెట్టు అడిగితే గానీ బయటపడలేదు.

ఇది బడి ముఖం చూడని పనిమనిషి సంగతి కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. కెనడాలో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో 1965లో, ఇంగ్లిషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు ఒకటో తరగతికి ముందు నుంచే చదువంతా ఫ్రెంచిలో చెప్పించే బడి తెరిపించారు. ఆ పద్ధతి దేశమంతా పాకింది. అలా చదివిన పిల్లలు ఫ్రెంచి వినడంలో, చదవడంలో దాదాపు ఫ్రెంచి ఇళ్ల పిల్లలకు సమానంగా నిలిచారు. మాట్లాడబోతే, రాయబోతే మాత్రం లింగ భేదాల్లో, క్రియారూపాల్లో తప్పులు ఏళ్లు గడిచినా పోలేదు. ఈ పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ అనే విదుషీమణి, అర్థమయ్యే భాషను వింటూ ఉండటం చాలదని, సరిగా పలికి తీరవలసిన అవసరం కూడా నేర్చేవారికి కలగాలని 1985లో రాశారు. మా చెల్లెలి అరబ్బీ గురించి నేను చెప్పదలచుకున్నదీ ఇంచుమించు అదే.

పసిబిడ్డ పోలిక దగ్గర నాకు మరో అభ్యంతరం ఉంది. బిడ్డ రోజుకు పది గంటలు మెలకువగా ఉంటుందనుకున్నా మూడేళ్లలో పది వేల గంటలకు పైగా తల్లి మాట, ఇంటి మాట వింటుంది. ‘చందమామ’ అనలేక ‘తందమామ’ అంటే ముద్దు చేస్తారు తప్ప ఉద్యోగం నుంచి తీసేయరు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి రెండు గంటలు పుస్తకం ముందు కూర్చునే నర్సుకు ఏడాదికి దక్కేవి 730 గంటలు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది) అడుగుతారు. జర్మన్ భాషను ప్రపంచమంతా నేర్పే గ్యోథే సంస్థ పెట్టే ఆ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు భాగాల్లోనూ విడివిడిగా 60 మార్కులు రావాలి. ఒకదానిలో 90 వచ్చి మరొకదానిలో 55 వస్తే ఆ 55 వచ్చిన భాగం మళ్లీ రాయవలసిందే. పసిబిడ్డకు ఈ బెడద లేదు.

రెండో ఆమె మా అమ్మాయి. నర్సు, బీ2 పరీక్షకు సిద్ధమవుతోంది. మొదట చేరిన శిక్షణ కేంద్రంలో నాలుగు నెలలపాటు పాటలు, సినిమా ముక్కలు, యూట్యూబ్ మాటలు వినిపించారు. హాయిగానే గడిచింది. ఆ తర్వాత ఒక రోజు సిరంజికి జర్మన్‌లో ఏమంటారని అడిగితే ‘ష్ప్రిట్సె’ అంది గానీ, దాని ముందు ‘డేర్’ పెట్టాలో, ‘డీ’ పెట్టాలో, ‘దాస్’ పెట్టాలో చెప్పలేకపోయింది. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. పుంలింగానికి ముందు ‘డేర్’, స్త్రీలింగానికి ‘డీ’, నపుంసకానికి ‘దాస్’ వస్తాయి. ఏ మాట ఏ లింగమో అర్థాన్ని బట్టి చాలావరకు తేలదు. భోజనం బల్ల మీద చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం. అమ్మాయి అనే అర్థమున్న ‘మేట్‌షెన్’ కూడా నపుంసకమే. (అమ్మాయి వచ్చినా బస్సు వచ్చినా ‘వచ్చింది’ అనే అనే మనం దీనికి నవ్వకూడదు.) తెలుగువాళ్లకు హిందీ చెబుతూ నేను ఈ బాధ చాలాకాలం పడ్డాను. ‘రోటీ ఆయీ’ అని నేర్పితే, మరునాడు పిల్లలు ‘పానీ ఆయీ’ అనేవారు. ‘పానీ’ పుంలింగమని ఎన్ని సినిమాలు చూసినా తెలియలేదు. పది సార్లు ‘పానీ ఆయా’ అనిపిస్తే తెలిసింది.

అప్పుడు ఇంట్లో చెప్పుల డబ్బా ఒకటి తీసి, అట్టలు అడ్డం పెట్టి ఐదు అరలు చేశాం. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పాత పెళ్లి పత్రికలను కత్తిరించి ఒక్కో ముక్క మీద ముందువైపు తెలుగు మాట, వెనుకవైపు జర్మన్ మాట రాసింది. పుంలింగమైతే నీలం సిరా, స్త్రీలింగమైతే ఎరుపు, నపుంసకమైతే ఆకుపచ్చ. మాట ఒక్కటే కాక దాని బహువచనం, వార్డులో పనికొచ్చే ఒక వాక్యం కూడా ఉండాలని నియమం పెట్టుకుంది. ఉదాహరణకు ‘కట్టు’ ముక్క తిప్పితే ‘డేర్ ఫెర్‌బాన్ట్’, బహువచనం ‘ఫెర్‌బెండె’, కింద ‘ఇష్ వెక్స్‌లె డెన్ ఫెర్‌బాన్ట్’, అంటే ‘నేను కట్టు మారుస్తున్నాను’ అని ఉంటుంది. ‘కట్టును’ అనే ద్వితీయా విభక్తిలో ‘డేర్’ కాస్తా ‘డెన్’ అయింది. లింగం తెలియనివారికి ఈ విభక్తి దొరకదు. చెప్పగలిగిన ముక్క తర్వాతి అరలోకి వెళుతుంది, తప్పితే మొదటి అరకు వస్తుంది. మొదటి అర రోజూ తిరగేయాలి, వెనుక అరలకు పోయే కొద్దీ ఎడం పెరుగుతుంది. నేర్చినదానిలో ఎక్కువ భాగం తొలి గంటల్లోనే జారిపోతుందని, విడతలుగా తిరగేస్తే తక్కువ శ్రమతో నిలుస్తుందని ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే వల్లె వేసి, తన మరుపును తానే కొలిచి 1885లో ప్రచురించాడు. తెల్లవారుజామున ఎక్కాలు అప్పజెప్పించుకుని, సాయంత్రం మళ్లీ అప్పజెప్పించుకున్న మా వీధిబడి అయ్యవారికి ఈ లెక్కలు తెలియకపోయినా పద్ధతి తెలుసు.

పెట్టె మొదలైన మూడో నెలలో జరిగిన మార్పు చెప్పాలి. అంతకుముందు మా అమ్మాయికి గడగడమని పారే శబ్దంగా ఉన్న ఆడియో పాఠాల్లో మాటలు విడివిడిగా ఆనడం మొదలైంది. ‘చొక్కా విప్పండి’ అనడానికీ ‘తొడుక్కోండి’ అనడానికీ జర్మన్‌లో వాక్యం చివరి దాకా ఒకటే. ఆఖరున వచ్చే ‘ఔస్’, ‘ఆన్’ అనే చిన్న ముక్కలోనే అర్థమంతా ఉంటుంది. ఆ రెండూ నోటికి వచ్చి ఉంటేనే చెవి వాటి కోసం కాచుకుని ఉంటుంది. వినికిడి పాఠాలు అవసరమే, కానీ నాలుగు నెలలు ముందుగా వచ్చాయి.

అంతమాత్రాన వల్లె ఒక్కటీ చాలునని నేను అనను. హిందీ ప్రచార సభ వారి ప్రవీణ ప్యాసై, కబీరు దోహాలు కంఠతా చెప్పగలిగిన నేను, కాశీలో రైలు దిగి రిక్షా అతనితో బేరమాడబోతే అతని మాటలో నాకు అందింది విశ్వనాథుడి పేరొక్కటే. మా అమ్మాయికీ అలాంటి దెబ్బే తగిలింది. అంకెలన్నీ వచ్చు, వరుసగా అడిగితే తడుముకోదు. నమూనా పరీక్షలో మాత్రం రోగి రక్తపోటు 135 అని చెబితే 153 అని రాసింది. జర్మన్‌లో ముప్పై అయిదును ‘అయిదూ ముప్పై’ అంటారు కనుక చెవిన పడిన వరుసలో రాస్తే అంకెలు తారుమారవుతాయి. వార్డులో అది చిన్న పొరపాటు కాదు. అలాగే తెలుగు లిపిలో మార్జిన్లో రాసుకుని నేర్చినప్పుడు, నొక్కడం అనే ‘డ్ర్యుకెన్’, ముద్రించడం అనే ‘డ్రుకెన్’ ఆమె నోట ఒకటైపోయాయి. మన అచ్చుల్లో లేని ఆ ధ్వనిని చెవే దిద్దాలి. ఇప్పుడు రోజూ పావుగంట వాళ్ల మేనత్త అంకెలు తెలుగులో చెబుతుంది, తాను జర్మన్‌లో పలికి ఫోనులో రికార్డు చేసుకుంటుంది, మరునాడు విని రాస్తుంది.

జనంలో తిరిగితేనే భాష వస్తుందనేవారు మా కడపలో బ్రౌన్ దొరను చూపిస్తారు. అది సగం కథ. 1817లో మద్రాసుకు వచ్చిన బ్రౌన్, అక్కడి కాలేజీలో తెలుగు చదివి, పరీక్ష ప్యాసైన తర్వాతే 1820లో కడపకు వచ్చాడు. ఆ తర్వాత కచేరీలో, ఊళ్లలో విన్న తెలుగు ఆ చదువు మీద కూర్చుంది. సొంత జీతంతో పండితులను పెట్టుకుని పాఠాలు సరిచూయించుకోవడం చివరి దాకా మానలేదు కనుకనే 1852 నాటికి నిఘంటువు అచ్చయింది.

శిక్షణ కేంద్రాల వారికి, వాటికి డబ్బు ఇచ్చే ప్రభుత్వ శాఖల వారికి నా మనవి ఒక్కటే. గ్యోథే సంస్థే ఏ1 స్థాయికి సుమారు 650, బీ1 స్థాయికి సుమారు 2,400 మాటలతో జాబితాలు ప్రచురించి అందరికీ అందుబాటులో ఉంచింది. వాటిని లింగంతో, బహువచనంతో, ధ్వనితో సహా మొదటి వారమే పిల్లల చేతికి ఇవ్వండి. వారానికి ఇన్ని అని అప్పజెప్పించుకోండి. పాఠం ఇంగ్లిషులో కాక తెలుగులో చెప్పండి. ‘వైల్’ అనే కారణవాక్యంలో క్రియ చివరికి పోతుందని ఇంగ్లిషులో వివరించడానికి అరగంట పడుతుంది. ‘అలసిపోయి ఉన్నాను కనుక’ అని రోజూ అనే తెలుగు పిల్లకు ఆ చోటు ముందే తెలుసు.

పెట్టె కోసం కత్తిరించిన అట్టముక్కలు కొన్ని మిగిలితే మా చెల్లెలు తీసుకుంది. సంక్రాంతి దాటాక మళ్లీ కువైట్ వెళతానంటోంది. అరబ్బీ అక్షరాలు 28. వీధి చివరి ఉర్దూ మాస్టారు వాటిని ముక్కకొకటి చొప్పున రాసి ఇచ్చారు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మేనకోడలి పక్కన కూర్చుని తిరగేస్తోంది. నిన్నటికి 11 వచ్చాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత హిందీ పండితుడు,
రాజంపేట