‘సీరియస్‌గా ఉంది, వెంటనే రండి’

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోబుద్ధి కాలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అసలు సంగతి చెప్పకపోవడమే దయ అట. ‘నిద్రలోనే పోయాడమ్మా’ అంటే ఆమె ప్రాణం కుదుటపడుతుందట. రాసినవారు మార్చురీ గుమ్మం దగ్గర ఒక్క పూట నిలబడి ఉంటే ఆ వ్యాసం రాసేవారు కాదు.

ముందు ఫోను సంగతి. హాస్టల్లో పిల్లాడు చనిపోతే ఇంటికి వెళ్లే మొదటి కబురు ఎప్పుడూ ఒకటే: ‘మీవాడికి ఒంట్లో బాగాలేదు, సీరియస్‌గా ఉంది, వెంటనే రండి.’ అప్పటికే శవం మార్చురీకి చేరి ఉంటుంది. తండ్రి ఆపరేషన్‌కు కావాలేమోనని ఊళ్లో నలుగురినీ బతిమాలి, నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షో రెండు లక్షలో పట్టుకుంటాడు. రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని, తొందరగా పోనివ్వమని దారి పొడుగునా డ్రైవర్ ప్రాణం తీస్తాడు. క్యాజువాల్టీ ముందు దిగి, డబ్బు సంచి చంకలో పెట్టుకుని ‘ఏ వార్డండీ?’ అని అడుగుతాడు. ఏ వార్డూ ఉండదు. వెనక గేటు వైపు నడిపించుకుపోయే వార్డ్‌బాయ్ మొహం చూసి తనే అర్థం చేసుకోవాలి. ఈలోగా ఏ బంధువు వాట్సాప్‌లోనో ఫొటో వచ్చేస్తే ఆ పాటి మర్యాద కూడా దక్కదు. టీవీ స్క్రోలింగ్‌కు అందిన కబురు కన్నవాళ్లకు అందకపోవడం ఏ రకం దయో వ్యాసకర్తే చెప్పాలి.

చేయదలిస్తే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఇంటి పరిధిలోని పోలీస్ స్టేషన్‌కు చెబితే, ఊళ్లో దగ్గరి చుట్టాన్ని వెంటబెట్టుకుని ఒక మనిషి ఇంటికి వెళ్లి చెప్పవచ్చు. అది కుదరక ఫోనులోనే చెప్పాల్సి వస్తే ముందు ‘పక్కన ఎవరున్నారు, బండి మీద ఉన్నారా?’ అని అడగాలి. బండి ఆపించి, కూర్చోమని, అప్పుడు చెప్పాలి. ‘చనిపోయాడు’ అన్న మాటే వాడాలి. ‘దక్కలేదు’, ‘చాలా ట్రై చేశాం’ అంటే తల్లి ‘అయితే వెంటిలేటర్ మీద ఉన్నాడా?’ అంటుంది. తప్పు ఆమెది కాదు. చెప్పాక తొందరపడి ధైర్యం నూరిపోయకుండా కాసేపు నోరు మూసుకుని ఉండాలి. ఫోను పెట్టేముందు తన పేరు, హోదా, తిరిగి చేయాల్సిన నంబరు ఇవ్వాలి. డాక్టర్లకు చెడ్డ కబురు చెప్పడానికి ‘స్పైక్స్’ అనే 6 మెట్ల పద్ధతి 2000లోనే వచ్చింది. మన ఎంబీబీఎస్‌లోనూ 2019 బ్యాచ్ నుంచి ‘ఏట్‌కామ్’ పేరుతో ఇలాంటివి నేర్పుతున్నారు. సంతోషం. కానీ ఆ ఫోను చేసేది డాక్టరు కాదు కదా! వార్డెనో, వాచ్‌మనో, ఆ రోజు డ్యూటీలో ఉన్న కానిస్టేబులో. వాళ్లకు ఎవరూ ఏదీ నేర్పలేదు.

ఇక ‘తెస్తుంటే దారిలో పోయాడు’ అన్న మాట. మన ఎండలకు ప్రాణం పోయిన ఒకటి రెండు గంటల్లోనే దవడ, మెడ బిగుసుకోవడం మొదలవుతుంది. 12 గంటలకల్లా కాళ్లూ చేతులూ కర్రలైపోతాయి. ‘ఇప్పుడే అరగంట క్రితం’ అన్న వార్డెన్ మాట, తల్లి బిడ్డ గుప్పిట విప్పబోయినప్పుడే తేలిపోతుంది. వేళ్లు విచ్చుకోవు. అది తెలుసుకోవడానికి ఆమెకు ఫోరెన్సిక్ చదువు అక్కర్లేదు.

ఈ అబద్ధాలు తల్లి గుండె కోసం ఆడుతున్నవి అయితే ఒప్పుకోవచ్చునేమో. కానీ వెనువెంటనే ఒక సంతకం ఉంది, దాని సంగతి వ్యాసంలో లేదు. అనుమానాస్పద మరణం అంటే శవ పంచనామా జరగాలి. మునుపు సీఆర్‌పీసీ 174వ సెక్షన్ అనేవారు, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 194వ సెక్షన్. పెద్దమనుషులు ఇద్దరైనా ఉండాలి, గాయాలు రాయాలి, రిపోర్టు 24 గంటల్లో పైకి పంపాలి. అదే హడావుడిలో స్టేషన్ రైటర్ ఒక కాగితం తెచ్చి తండ్రి ముందు పెడతాడు: ‘మాకు ఎవరి మీదా ఎలాంటి అనుమానం లేదు.’ ఏం జరిగిందో చెప్పని మనిషికి అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ కాగితం చాలాసార్లు కాలేజీ వాళ్ల మనిషే దగ్గరుండి రాయిస్తాడు. సంతకం పెట్టేముందు చదివి వినిపించమని అడగాలని, ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇచ్చి తీరాలని చెప్పే దిక్కుండదు.

ఇందులో మీ పత్రికకూ వాటా ఉందండీ. ‘కడుపునొప్పి తాళలేక విద్యార్థిని ఆత్మహత్య’ అన్న శీర్షిక జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. ఆ కడుపునొప్పికి ఒక్క స్కానింగ్ కాగితం, ఒక్క మందుచీటీ ఉండదు. పరువు పోతుందని చుట్టాలు, పేరు పోతుందని కాలేజీ, కేసు పెరుగుతుందని స్టేషన్ కలిసి కనిపెట్టిన జబ్బు అది. ఆ అమ్మాయి రాసిన ఉత్తరం ఉంటే పోలీసులు సాక్ష్యంగా తీసుకెళ్తారు, సరే. జిరాక్స్ అయినా తల్లికి ఇవ్వడానికి ఏమడ్డం?

నిజం తెలుసుకోవడానికి ఎంత దూరం పోవాల్సి వస్తుందో చూడండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల బెంగాల్ అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. ఆ తండ్రి మన హైకోర్టులో కాదనిపించుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2025 జులై 25న కేసు సీబీఐకి అప్పగించారు. అదే తీర్పులో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చారు. అవి ఎన్ని హాస్టళ్ల గోడలకెక్కాయో అధికారులు సెలవివ్వాలి. విద్యార్థుల ఆత్మహత్యల మీద వేసిన కమిటీలు, 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ కూడా చెప్పాల్సినవి చెప్పాయి. కమిటీలు వేయడంలో మనకు లోటెప్పుడు? మంత్రిగారి పరామర్శ, ఎక్స్‌గ్రేషియా ప్రకటన మాత్రం పోస్టుమార్టం పూర్తికాక ముందే వచ్చేస్తాయి.

పోస్టుమార్టం తర్వాత కథ ఇంకా అన్యాయం. విషం అనుమానమైతే కడుపు, పేగు ముక్క, కాలేయం, కిడ్నీ ముక్కలు ఉప్పునీళ్ల సీసాల్లో పెట్టి ఎఫ్ఎస్ఎల్‌కు, అంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. ఆ ఫలితం వచ్చేదాకా డాక్టరు కారణం దగ్గర ‘ఒపీనియన్ రిజర్వ్‌డ్’ (అభిప్రాయం తర్వాత చెబుతాం) అని రాస్తాడు. సీలు సరిగా లేకపోయినా, స్టేషన్‌లో పంపేవాడు మరిచిపోయినా నెలలు గడుస్తాయి. ఇదంతా ఎవరూ చెప్పకపోతే, డాక్టరు డబ్బు తిని దాచాడనే తల్లిదండ్రులు అనుకుంటారు. చివరికి రిపోర్టు వచ్చాక దాన్ని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చదివించుకుంటారు. ‘నిద్రలోనే పోయాడు’ అన్నది ఆ రోజు అబద్ధమవుతుంది. అప్పుడు ఆ తల్లి రెండోసారి ఏడుస్తుంది, ఈసారి పక్కన ఎవరూ ఉండరు.

అన్నీ ఒకేసారి గుమ్మరించమనడం లేదు. అడిగినంతే చెప్పండి. ‘బాధపడ్డాడా?’ అంటే తెలిసింది చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. చూస్తానంటే ‘తట్టుకోలేవమ్మా’ అని చెయ్యి పట్టి లాగకండి. మొహం కడిగి, కళ్లు మూసి, పోస్టుమార్టం కుట్టు కనబడకుండా మెడ దాకా దుప్పటి కప్పండి. ‘ఒళ్లు చల్లగా ఉంటుంది, ముక్కులో దూది ఉంటుంది’ అని ముందే చెప్పండి. మొహం చితికిపోయి ఉంటే ఆ మాటా చెప్పి, చెయ్యి మాత్రం బయట పెట్టండి. ఒక కుర్చీ వేయండి. మార్చురీల్లో గుడ్డకు ఇంత, కుట్టుకు ఇంత అని మామూళ్లు గుంజడానికి దొరికే తీరిక దీనికీ దొరుకుతుంది.

ఆత్మహత్య వార్తల కింద మానసిక సాయం కోసం టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు వేస్తున్నారు, మంచిదే. దానితోపాటు ఇకమీదట ‘కడుపునొప్పి’ అని వార్త వస్తే, అచ్చుకు పంపేముందు ఆ స్కానింగ్ కాగితం ఎక్కడుందని మీ విలేకరిని ఒక్కసారి అడగండి.

ఇట్లు,
వైద్య ఆరోగ్య శాఖ విశ్రాంత ఉద్యోగి
(పేరు ప్రచురించవద్దని మనవి)