ఎముకల సూపుకు 24 గంటలు అక్కర్లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ వంటల పేజీలో ఎముకల సూపు గురించి రాశారు. సన్నమంట మీద 24 గంటలు కాచాలని, ఆపిల్ సిడర్ వెనిగర్ పోయకపోతే ఎముకల్లోని కాల్షియం దిగదని, క్రమం తప్పకుండా తాగితే విరిగిన ఎముక తొందరగా అతుక్కుంటుందని అందులో ఉంది. ఈ మూడు మాటల మీదా నాకు చెప్పాల్సింది ఉంది. నేను డాక్టర్ని కాను, వంటమాస్టర్నీ కాను. కడపలో ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ ఏడాది జనవరి నుంచి మా ఇంట్లో ఎముకల సూపు కాచేది నేనే.

జనవరిలో మా ఇంటావిడ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. పది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం కానీ, వచ్చిన మనిషి తిండి మానేసింది. అన్నం వాసనే పడటం లేదంటుంది. ఇడ్లీ పెడితే సగం తిని పక్కకు తోస్తుంది. పాలు తాగితే వికారం. మాత్రలేమో ఖాళీ కడుపున వేయకూడదు. ఆ రెండు వారాలు నాకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. చేతులు చూస్తుండగానే సన్నబడిపోయాయి, గాజులు మోచేతి దాకా జారేవి.

చూడటానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట, ఎముకల సూపు తాగించమని. మా బామ్మర్ది బెంగళూరు నుంచి ఎముకల సూపు పొడి డబ్బా ఒకటి తెచ్చాడు, 1,450 రూపాయలట. నీళ్ళలో కలిపి ఇస్తే ఒక్క గుక్క తాగి వద్దంది. మా వదిన (ఇంటావిడ అక్క) ఆ డబ్బా చూసి, "ఇదేంది మరిదీ, మన ఊరి వాగు బుగ్గవంక దాటితే మేక కాళ్ళు దొరకవా? కుక్కర్లో వేస్తే గంటలో అయిపోతాది" అంది. ఆమె పక్కన నిలబడి చెబుతుంటే మొదటిసారి కాచాను. ఆ రోజు సాయంత్రం మా ఇంటావిడ ఒక గ్లాసు పూర్తిగా తాగి, ఇంకొంచెం ఉందా అని అడిగింది. నాకు అప్పటికి వినాల్సిన మాట అదొక్కటే.

అయ్యా, ఎముకల సూపు విలువ నాకు అక్కడ తెలిసింది. ఏదీ దిగని గొంతులో అది దిగుతుంది. నీళ్ళు, కాస్త ఉప్పు, కాస్త మాంసకృత్తి, మిరియాల ఘాటు కలిసి పోతాయి. నాలుగు రోజులకు ఆకలి మేలుకుంది. ఆ తర్వాత అన్నం, గుడ్డు, పప్పు తనంతట తానే అడిగింది. ఎముక అతికింది మాత్రం రాడ్డు వల్ల, తిన్న తిండి వల్ల, పొద్దున్నే ఎండలో కూర్చోబెట్టినందువల్ల, ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వచ్చి నడిపించినందువల్ల. సూపు తాగితే ఎముక అతుక్కుంటుందా అని చెకప్‌కు పోయినప్పుడు డాక్టరు గారినే అడిగాను. అందులో ఉండేది జిగురు మాంసకృత్తి, ఎముకల్లోని కాల్షియం నీళ్ళలోకి దిగేది బహు తక్కువ, పాలలో ఉన్నంతలో కొంచెం కూడా రాదు అని చెప్పారు. ఆ జిగురు కూడా సంపూర్ణమైన మాంసకృత్తి కాదట, ట్రిప్టోఫాన్ అనే ముఖ్యమైన భాగం అందులో ఉండదట. కాబట్టి దాంతోపాటు గుడ్డో పప్పో పెరుగో ఉండాలి. సూపు ఇస్తున్నాం కదా అని మిగతా తిండి తగ్గిస్తే మనిషి ఇంకా నీరసిస్తుంది.

కాల్షియం కావాలంటే మన సీమ సంగటిలో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాళ్ళ సూపులో చిన్న సంగటి ముద్ద మెత్తగా చిదిపి ఇచ్చాను. మన పెద్దవాళ్ళు పాయాను, అంటే ఈ కాళ్ళ సూపును, సంగటితో ఎందుకు తిన్నారో నాకు తెలియదు, రుచికే తిని ఉంటారు. కానీ ఆ జోడీ మంచిది. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంది. ఇంత తేలిగ్గా ఇంట్లో ఉన్న రాగిపిండి గురించి ఒక్క మాట రాయకుండా, ఖరీదైన వెనిగర్ గురించి రాయడం నాకు బాధనిపించింది. ఒక చెంచా వెనిగర్ పోసినందువల్ల దిగే కాల్షియం లెక్కలోకి రానిది. పులుపు కావాలంటే తాగేముందు నిమ్మచెక్క పిండుకుంటే చాలు.

ఇక 24 గంటల సంగతి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగిపోతాయి, ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కవు. మూత బిగించి ఆవిరి బయటికి పోకుండా ఆపితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, దాంతో నీళ్ళు ఇంకా ఎక్కువ వేడి దగ్గర గానీ మరగవు. బస్సు రేడియేటర్ మూతకు స్ప్రింగు పెట్టేది కూడా ఇందుకే. కుక్కర్లో విజిల్ బరువు లేచే సమయానికి లోపల సుమారు 120 డిగ్రీలు ఉంటుంది. ఎముకల కీళ్ళ దగ్గర, కండను ఎముకకు పట్టి ఉంచే నరాల్లో, చర్మంలో ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తి కరిగి జిగురుగా మారడానికి వేడీ కావాలి, సమయమూ కావాలి. వేడి పెరిగితే సమయం తగ్గుతుంది. గిన్నెలో రాత్రంతా పట్టే పని కుక్కర్లో గంటా గంటంబావులో అవుతుంది. రాత్రంతా స్టవ్ వెలిగించి నిద్రపోయే అవసరం ఏ ఇంటికీ లేదు, అది ప్రమాదం కూడా.

మా మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. నేను కుక్కర్ దగ్గర నిలబడి ఉంటే ఒకరోజు చెప్పింది: "తాతా, అసలు కుక్కర్ పుట్టిందే ఎముకల కోసం." 1679లో లండన్‌లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మూత బిగించే బలమైన పాత్ర చేశాడట. గట్టి ఎముకలను మెత్తబరిచి, అందులోని సారం తీసి తిండిగా వాడుకోవచ్చని చూపించడానికే దాన్ని చేశాడట. పాత్ర పేలకుండా బరువుతో పనిచేసే సేఫ్టీ వాల్వు కూడా ఆయనే అమర్చాడు. ఆ ఆవిరి పాత్ర మీద పనిచేస్తూనే పిస్టన్‌ను ఆవిరితో కదిలించే ఆలోచన దాకా పోయాడట. జీవితమంతా పిస్టన్ల మధ్య బతికిన నాకు ఆ సంగతి విన్నప్పుడు ఎంతో సంతోషం కలిగింది. ఎముకల పాత్ర చేసినవాడు దానితోపాటే వాల్వు కూడా ఎందుకు చేయాల్సి వచ్చిందో నాకు రెండోసారి సూపు కాచిన రోజు అర్థమైంది.

ఆ రోజు వదిన లేదు. తొందరలో ఎముకలు కడిగి నేరుగా కుక్కర్లో వేశాను, రెండు పూటలకు సరిపోవాలని ముప్పాతిక దాకా నీళ్ళు పోశాను. ఎముకల నుంచి లేచే బూడిదరంగు నురగ పైకి పొంగి విజిల్ గొట్టంలో అడ్డుపడింది. విజిల్ రాలేదు. ఇంకా రాలేదేమిటని నేను మంట పెంచాను. కాసేపటికి సేఫ్టీ వాల్వు ఊడి, సూపు పైకప్పుకు కొట్టింది. నేను అప్పుడే హాల్లోకి వచ్చాను కాబట్టి బతికిపోయాను. పక్క గదిలో మా ఇంటావిడ ఆ శబ్దానికి వాకర్ పట్టుకుని లేవబోయింది, ఇంకోసారి పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. వాల్వు తన పని తాను చేసింది. దాని చోట బోల్టు బిగించి ఇచ్చే రిపేరు మనుషులను నేను చూశాను. అలాంటి కుక్కర్ ఇంట్లో ఉంటే దయచేసి ఈరోజే పక్కన పడేయండి. ఐఎస్ఐ గుర్తున్న కుక్కర్, ఆ కంపెనీదే వాల్వు, ఆ కంపెనీదే గ్యాస్కెట్ వాడాలి. గ్యాస్కెట్ గట్టిపడితే, పగుళ్ళు కనిపిస్తే మార్చేయాలి.

ఇప్పుడు నేను కాచే పద్ధతి రాస్తాను. మాంసం కొట్టు భాయ్ నాలుగు మేక కాళ్ళు కాల్చి, గిట్టలు తీసి, ముక్కలు కొట్టి ఇస్తాడు. దాంతోపాటు మోకాలి కీలు ముక్కలు ఒక అరకిలో. నల్లి ఎముకలు రెండు చాలు, అవి ఎక్కువైతే కొవ్వే తప్ప జిగురు పెరగదు. కోడి కాళ్ళతో చేసినా జిగురు బాగా వస్తుంది, ముప్పావు గంట చాలు, ఖర్చు ఇంకా తక్కువ.

ముందు వీటిని చన్నీళ్ళలో వేసి మూత లేకుండా పది నిమిషాలు ఉడకనిస్తాను. నురగంతా పైకి వస్తుంది. ఆ నీళ్ళు పారబోసి, ముక్కలు కడిగి, కుక్కర్ కూడా కడుగుతాను. ఈ పని మానేస్తే ఏమవుతుందో పైన చెప్పాను. తర్వాత ముక్కలు మునిగేదాకా కొత్త నీళ్ళు. ముక్కలు, నీళ్ళు కలిసి కుక్కర్లో సగానికి మించకూడదు. చితక్కొట్టిన అల్లం, పది వెల్లుల్లి రెబ్బలు, చెంచా మిరియాలు, చెంచా ధనియాలు, ఉల్లిపాయ ఒకటి, చిటికెడు పసుపు. విజిల్ గొట్టంలోంచి ఊది చూసి, గాలి పోతోందని తేలాకే మూత పెడతాను. ఒక విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి గడియారం చూసుకుంటాను. విజిళ్ళు లెక్కపెట్టడం వల్ల లాభం లేదు, ఒక్కో స్టవ్‌కు ఒక్కో లెక్క. మేక కాళ్ళకు గంటంబావు.

స్టవ్ ఆపాక విజిల్ ఎత్తి ఆవిరి వదలకూడదు. కాలుతున్న రేడియేటర్ మూత తిప్పితే ఏమవుతుందో ఏ డ్రైవరును అడిగినా చెబుతాడు. పైగా ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే లోపల సూపు కుతకుతా మరిగి, కొవ్వంతా కలిసిపోయి తెల్లగా మడ్డిగా తయారవుతుంది. దానంతట అది దిగేదాకా అరగంట వదిలేస్తే తేటగా ఉంటుంది. ఉప్పు చివర్లో, తాగే గ్లాసుకు మాత్రమే. మా ఇంటావిడకు బీపీ ఉంది.

వడగట్టాక చల్లార్చడం గురించి మీ వ్యాసంలో అసలు లేదు. మన కడప ఎండల్లో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఏప్రిల్లో ఒక రాత్రి సూపు కుక్కర్లోనే మూతపెట్టి వదిలేశాను. పొద్దునకు పులిసిన వాసన వచ్చింది, మొత్తం పారబోశాను. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న సూపులో క్రిములు ఎంతైనా పెరుగుతాయి, కొన్ని మళ్ళీ మరిగించినా చావవు. ఇప్పుడు వెడల్పాటి స్టీలు గిన్నెలో పోసి, ఆ గిన్నెను చన్నీళ్ళ టబ్బులో పెట్టి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లోకి చేరుస్తాను. మర్నాటికి జున్నులాగా గడ్డకడుతుంది. కదిపితే ఊగాలి. అలా ఊగితే జిగురు బాగా దిగినట్టు. పైన తెల్లగా పేరిన కొవ్వు చెంచాతో తీసేయొచ్చు. మూడు రోజుల్లో వాడేయాలి. ఎక్కువుంటే చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. ఏ పూటకు కావాల్సింది ఆ పూట తీసి బాగా మరిగించి ఇవ్వాలి.

యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా దీని జోలికి పోకూడదు. మా గ్యారేజీ స్నేహితుడికి యూరిక్ యాసిడ్ వల్ల కాలి బొటనవేలి నొప్పి. బలం వస్తుందని అందరిలాగే తనూ మొదలుపెట్టబోతే నేనే ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను.

నా మనవి ఇది. విరిగిన ఎముకతో మనిషిని ఇంటికి తెచ్చుకున్న కుటుంబం ఎవరేం చెప్పినా నమ్మే స్థితిలో ఉంటుంది. నేనూ అలాగే ఉన్నాను. ఆ సమయంలో పేపర్లో చదివింది ప్రమాణం అనిపిస్తుంది. 1,450 రూపాయలు పెట్టి డబ్బా కొనలేనివాళ్ళు, 24 గంటలు గ్యాస్ కాల్చలేనివాళ్ళు, ఇంకేదో పోగొట్టుకున్నట్టు బాధపడతారు. వాళ్ళింట్లో కుక్కర్ ఉంటుంది, రాగిపిండి ఉంటుంది. అందుకని ఇంకోసారి ఆ పేజీలో సరిచేసి రాయండి.

మా ఇంటావిడ ఇప్పుడు చేతికర్రతో గేటు దాకా నడుస్తోంది. ఈ ఉత్తరం చదివి వినిపిస్తే, పొడుగైంది కోసేస్తారేమో అంది. చోటు చాలకపోతే నా ఇంటి సంగతులన్నీ తీసేయండి. ముందు నురగ తీయమన్నది, సగానికి మించి నింపొద్దన్నది మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
కడప