ఫోనెత్తని ఫ్లయింగ్ స్కూలుకు ఒక తండ్రి లేఖ

గాజువాక,
విశాఖపట్నం.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మా అమ్మాయి ఎక్కిన శిక్షణ విమానం ల్యాండింగ్‌లో దెబ్బతిన్న నాటి నుంచి మీవాళ్లు మాతో ఆడుతున్న దాగుడుమూతలు.

అయ్యా,

ప్రమాదం గురించి పెద్దగా రాయను. దిగేటప్పుడు విమానం రన్‌వేకి తగిలి పైకి ఎగిరింది, మళ్లీ పడి మళ్లీ ఎగిరింది, చివరికి ముందు చక్రం విరిగి ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది. మొదటిసారి ఎగిరినప్పుడే పవర్ ఇచ్చి గో అరౌండ్ చేసుంటే, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేచిపోయుంటే, గండం గడిచిపోయేదంటారు. పక్క సీట్లో మీ ఇన్‌స్ట్రక్టరే ఉన్నాడు. సరే, అది విచారణ అధికారులు చూసుకుంటారు. విచారణ ఉన్నది మళ్లీ అలా జరక్కుండా చూడటానికే గానీ ఎవరి మీదో నింద వేయడానికి కాదని రూల్స్‌లోనే ఉంది. సింహాద్రి అప్పన్న దయవల్ల పిల్ల నుదుటి మీద కుట్లతో బయటపడింది. నేర్చుకునే చోట ఇలాంటివి జరుగుతాయని మాకూ తెలుసు.

కానీ ఆ కబురు మాకు చెప్పింది మీరు కాదు, హాస్టల్లో మా అమ్మాయి రూమ్మేటు. కంగారుగా మీ సిరిపురం ఆఫీసుకు ఫోన్ చేస్తే, "అవునా అంకుల్? మాకు ఇన్ఫర్మేషన్ రాలేదే!" అన్నారు. ట్రైనింగ్ బేస్‌కి చేస్తే సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌ని అడగమన్నారు. వాళ్లు అకౌంట్స్ అన్నారు, అకౌంట్స్ వాళ్లు తిప్పి సిరిపురం అన్నారు. కస్టమర్ కేర్‌లో కొత్త అడ్మిషన్ల నంబరు నొక్కితే మాత్రం మొదటి రింగుకే ఎంత తియ్యటి గొంతో! పాత విద్యార్థి తండ్రినని చెప్పగానే లైను కట్.

ఒకరోజు ఆ ఉక్కపోతలో గాజువాక నుంచి బస్సెక్కి నేరుగా ఆఫీసుకే వచ్చాను. కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదగా కూర్చోబెట్టి, "ఇది స్టూడెంట్ రిలేషన్స్ మేనేజర్ గారి డైరెక్ట్ నంబరు అంకుల్" అని చీటీ మీద రాసిచ్చింది. అక్కడే నిలబడి ఆ నంబరు కొట్టాను. ఆమె పక్క టేబుల్ మీద ఫోను మోగింది. కుర్చీలో ఉన్న పెద్దమనిషి స్క్రీన్ చూసి, సైలెంట్‌లో పెట్టి, మళ్లీ టీ కప్పు అందుకున్నాడు. "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంది ఆ అమ్మాయి. బిస్కెట్టుతో మీటింగ్ కాబోలు.

మీరు అసలు స్పందించలేదని మాత్రం అనను. విమానం రిపేరులో మా వాటా కట్టమని బిల్లు వచ్చింది, ఆలస్యం లేకుండా, సరైన అడ్రసుకే. ఆ మర్నాడు "మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెసేజ్ కూడా వచ్చింది.

మా అన్నయ్య కొడుకు మీ దగ్గరే నేర్చుకున్నాడు. ఆ నమ్మకంతోనే పీఎఫ్ డబ్బు తీసి మీ చేతిలో పోశాను. పోర్టులో నాతో పనిచేసిన ఇద్దరికి "కళ్లు మూసుకుని చేర్పించండి" అని నేనే చెప్పాను. ఇప్పుడు వాళ్లు ఎదురైతే పక్క సందులోకి తిరుగుతున్నాను.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా, చేయాల్సిన 100 గంటల్లో కనీసం 15 గంటలు దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో పూర్తయి ఉండాలి. ఇది మీకు నేను చెప్పాలా? పిల్లను నేల మీద కూర్చోబెట్టిన కొద్దీ ఆ ఆరు నెలల లెక్క ముందుకు జరుగుతూ, ఎగిరిన గంటలు పాతబడిపోతుంటాయి. మళ్లీ ఎగరడానికి డబ్బు ఎవరు కడతారు? ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ ఏమో "సేఫ్ కస్టడీ"లో ఉందట. అది తన సొంత పుస్తకం, దాన్ని మీరు దాచడమేంటి? అది ఇచ్చేయండి, ట్రైనింగ్ మొదలుపెట్టండి, ఆ బిల్లు చింపేయండి. లేదంటే కట్టిన డబ్బు మొత్తం వెనక్కివ్వండి. ఏది చేసినా ముందు మీలో ఒకరు నాకు ఫోన్ చేసి మాట్లాడండి.

చేయకపోతే మీలాంటి స్కూళ్ల మీద అజమాయిషీ ఉన్న విమానయాన సంస్థ డీజీసీఏకి రాస్తాను. మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే విశాఖలోనే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు. అడ్మిషన్ల సీజన్‌లో మీ సిరిపురం ఆఫీసు మెట్ల మీద కూర్చుని వచ్చిన ప్రతి తల్లిదండ్రికీ ఈ కథ చెప్పడానికి కూడా నాకు బోలెడు తీరిక ఉంది, రిటైరైనవాణ్ణి.

ఈ ఉత్తరం సంతకం పెట్టి తీసుకునేలా పోస్టు చేస్తున్నాను. "మాకు ఇన్ఫర్మేషన్ రాలేదే" అని ఈసారి పోస్టుమ్యాన్‌తో చెప్పుకోండి.

ఇట్లు,
మీ ట్రైనీ తండ్రి