ముప్పై వేల కిట్ కొనేముందు ఒక థర్మాకోల్ పెట్టె పెట్టి చూడు

అమ్మలూ,

నిన్న ఫోన్లో బుడ్డోడి గోలలో సగమే వినపడింది కానీ తర్వాత నువ్వు పంపిన ఫోటో చూశా, మట్టి లేకుండా నీళ్ళల్లోనే ఆకుకూరలు పెంచే కిట్ అది, పైపులు, మోటారు, లైట్లు అన్నీ కలిపి ముప్పై వేలు అంటున్నారు కదా. వద్దే వద్దని నేను అనట్లేదు, ఇప్పుడే కొనకు అంటున్నా. మోటారు లేకుండా, కరెంటు లేకుండా ఆకుకూరలు నీళ్ళల్లో బ్రహ్మాండంగా వస్తాయి. మన డాబా మీద నేను పెంచేది అలాగే, మీ అమ్మ పప్పులో వేసే పాలకూర అదే.

హవాయి యూనివర్సిటీలో క్రాట్కీ అనే ప్రొఫెసర్ గారు చెప్పిన పద్ధతి ఇది. పండ్ల షాపులో అడిగితే థర్మాకోల్ పెట్టె ఇస్తారు, లోపల మందపాటి నల్ల కవర్ పరిచి నీళ్ళు పోస్తావు, మూతకి చిల్లులు పెట్టి వాటిల్లో అడుగున బొక్కలు చేసిన ప్లాస్టిక్ గ్లాసులు దించుతావు, గ్లాసు అడుగు నీళ్ళకి తగిలీ తగలకుండా ఉండాలి. మొక్క తాగేకొద్దీ నీళ్ళు కిందకి దిగుతాయి, పైన ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో ఉన్న వేళ్ళు గాలి పీల్చుకుంటాయి, కింద వేళ్ళు నీళ్ళు తాగుతాయి. అందుకే నీళ్ళు తగ్గాయి కదా అని మళ్ళీ అంచు దాకా పోసెయ్యకు, పైన వేళ్ళు మునిగి ఊపిరాడక మొక్క వాడిపోతుంది. పొయ్యాల్సి వస్తే అడుగున కొంచెమే పొయ్యి.

నీళ్ళ సంగతే అసలు సంగతి. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు బాగా గట్టివి, బకెట్ల మీద తెల్లగా చార కట్టేది నేను చూశాగా, వాటితో మొదలుపెట్టకు. తాగే ఆర్ఓ నీళ్ళు గానీ పట్టుకున్న వాన నీళ్ళు గానీ వాడు, ఆర్ఓ మిషన్ బయటకి వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా వాటిల్లోనే ఉంటుంది. పీహెచ్, అంటే నీళ్ళల్లో పులుపు ఎంతుందో చెప్పే అంకె, 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, అది చూసుకునే డ్రాప్స్ సీసా అక్వేరియం షాపులో దొరుకుతుంది. నిమ్మరసం పిండితే తగ్గుతుందని ఎవరైనా చెప్తే వినకు, కాసేపు తగ్గి మళ్ళీ ఎక్కుతుంది. పీహెచ్ ఎక్కువైతే ముందు కొత్త ఆకుల్లో తెలుస్తుంది, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో పసుపు పచ్చగా అయిపోతాయి, నీళ్ళల్లో ఐరన్ ఉన్నా వేరు తీసుకోలేదు.

ఎరువుకి 19:19:19 అని నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా కలిపి అమ్మేది చాలదు తల్లీ, అందులో నత్రజని సగం పైన యూరియాగా ఉంటుంది, మట్టిలో అయితే సూక్ష్మజీవులు దాన్ని మార్చి మొక్కకి అందిస్తాయి, ఉత్త నీళ్ళల్లో ఆ పని సరిగ్గా జరగదు, పైగా కాల్షియం ఉండదు. నీళ్ళల్లో పెంచే మొక్కలకని ఏ, బీ అని రెండు సీసాలుగా అమ్మే ఎరువు కొనుక్కో, ముందు నీళ్ళల్లో ఏ పోసి బాగా కలిపి తర్వాతే బీ పొయ్యి. రెండూ చిక్కగా ఉన్నప్పుడు కలిపితే కాల్షియం వెళ్ళి ఫాస్ఫేటుని పట్టుకుని సున్నంలా అడుక్కి దిగిపోతుంది, డబ్బులు నీళ్ళపాలే. లేత మొక్కలకి సీసా మీద రాసినదాంట్లో సగం చాలు.

ఇప్పుడు చలి మొదలవుతోంది కాబట్టి పాలకూరతో మొదలుపెట్టు. గింజలు రాత్రంతా నానబెట్టి స్పాంజి ముక్కల్లో పెట్టు, ఒక్కో గింజకి రెండు మూడు మొలకలు వస్తాయి, అది గింజల గుత్తి కాబట్టి, కంగారుపడకుండా బలమైనది ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కట్ చెయ్యి, లాగితే పక్కదాని వేరు తెగుతుంది. తర్వాత ఆ స్పాంజి ముక్కలనే గ్లాసుల్లో పెట్టు. వారానికోసారి మూతెత్తి వేళ్ళు చూడు, తెల్లగా ఉంటే నిశ్చింతగా ఉండు, గోధుమ రంగు వచ్చి జిగురు జిగురుగా వాసనేస్తుంటే కుళ్ళు మొదలైనట్టే. ఎండాకాలంలో ఇదెక్కువ, నీళ్ళు వేడెక్కితే వాటిల్లో ఆక్సిజన్ నిలవదు, అందుకని అప్పుడు పాలకూర ఆపేసి బచ్చలి తీగ ముక్క పెట్టుకో, మన ఎండలకి అదే తట్టుకుంటుంది.

ఇంకోటి, ఇది మర్చిపోవద్దు, ఇంట్లో పిల్లాడున్నాడు. డెంగ్యూ దోమ నిలవున్న మంచి నీళ్ళల్లో కూడా గుడ్లు పెడుతుంది, కాబట్టి మూతకీ గ్లాసుకీ మధ్య సందు ఎక్కడున్నా దూది కుక్కు, ఖాళీ చిల్లులకి టేపు వెయ్యి. లోపలికి వెలుతురు పోకపోతే పాచి కూడా పట్టదు.

కూరల ఖర్చు తగ్గిపోతుందని లెక్కలెయ్యకు, వారానికి ఒకటి రెండు పూటల ఆకుకూర, అంతే. టమాటా, వంకాయలకి చాలా పెద్ద డ్రమ్ము, బోలెడు ఎండ కావాలి, మీ బాల్కనీకి అవి వద్దు. కోత అయ్యాక మిగిలిన నీళ్ళు కుండీల్లో తులసికి, మందారానికి పొయ్యి, సింకులో పొయ్యకు. ఇలా రెండు మూడు కోతలు తీశాక కూడా నీకు ఆ పైపుల కిట్ కావాలనిపిస్తే అప్పుడు చెప్పు, నేనే సగం డబ్బులిస్తా.

వచ్చే ఆదివారం మీ అమ్మ వస్తోందిగా, గింజలు, బచ్చలి ముక్కలు ఇచ్చి పంపిస్తా. ఈలోపు బాల్కనీలో ఎండ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతోందో చూసి మెసేజ్ పెట్టు, నాలుగైదు గంటలన్నా పడకపోతే పెట్టె మీ టెర్రస్ మీద పెట్టుకోనిస్తారేమో అసోసియేషన్ వాళ్ళని అడగాలి.

మీ నాన్న