అమ్మకి, నాష్‌విల్ నుంచి

అమ్మా,

మొన్న ఫోన్లో నాన్న పక్కనుంచి "పాత పాటల ప్లేట్లకి డాలర్లు తగలేస్తున్నాడా వీడు" అనడం నాకు వినపడింది. అప్పుడేం అనలేదు గానీ రాత్రంతా బుర్రలో అదే తిరిగింది, ఫోన్లో చెప్తే సగం వినకుండానే లేచి వెళ్ళిపోతారు కాబట్టి రాస్తున్నా, నాన్నకి చదివి వినిపించు.

తింటున్నా. గోంగూర పచ్చడి ఇంకా సగం సీసా ఉంది. ఆఫీసు బానే ఉంది, ప్రాజెక్టు మారింది, అంతే. చలి మొదలైంది, నువ్వు పంపిన శాలువా వాడుతున్నా.

నాన్నకి ఇంగ్లీషు పాటలు పాడే జిమ్ రీవ్స్ గుర్తున్నాడేమో అడుగు. బ్రాడీపేటలో ఉన్నప్పుడు పక్క వాటా టీచరమ్మగారు క్రిస్మస్ వస్తే చాలు పొద్దున్నే ఆయన పాటలు పెట్టేవారు చూడు, ఆ మెత్తటి గొంతు, నువ్వు కేకు పళ్ళెం పుచ్చుకుని గుమ్మంలోనే నిలబడిపోయేదానివి. ఆయన పాడింది ఇక్కడే అమ్మా, ఈ ఊళ్ళోనే, ఆర్సీఏ అనే రికార్డుల కంపెనీ వాళ్ళ స్టూడియో బి అని ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడొచ్చు. 1964 జులైలో తన చిన్న విమానం తనే నడుపుకొస్తూ గాలివానలో చిక్కుకుని ఇక్కడికి దగ్గర్లోనే బ్రెంట్‌వుడ్ అడవిలో కూలిపోయాడు. 40 ఏళ్ళే. నేను ప్రతి శనివారం కూరగాయలకి వెళ్ళే దారే అది.

ఆయన రికార్డు ఒకటి ఎస్టేట్ సేల్లో దొరికింది. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే పిల్లలు ఇల్లు తెరిచిపెట్టి సామానంతా అమ్మేస్తారు, దాన్నే అలా అంటారు. మూడు డాలర్లు. మూడే, నాన్నకి గట్టిగా చెప్పు. అట్ట వెనక నీలం సిరాతో ఎవరో ఆవిడ తన పేరు రాసుకుంది, కింద 1965 అని వేసింది, ప్లేటు మీద ఒక్క గీత లేదు, ఎంత అపురూపంగా దాచుకుందో. లేబుల్ నలుపు, సరిగ్గా నడినెత్తిన గ్రామఫోన్ ముందు చెవి రిక్కించిన కుక్క. తాతయ్య హెచ్ఎంవీ ప్లేట్ల మీద ఉండే కుక్కే! ఇక్కడ ఆర్సీఏ విక్టర్‌ది, మనకి హెచ్ఎంవీది, బొమ్మ మాత్రం ఒకటే. 1968 చివర్లో ఆర్సీఏ వాళ్ళు లేబుల్ ఆరెంజ్ రంగులోకి మార్చి కుక్కని తీసేశారు, అందుకే ఇలా ఉంటే ఆ కాలంలోనే అచ్చయిన అసలు ప్లేటే అని గుర్తుపడతాం. పాట అయిపోయాక లేబుల్ కాగితం దాకా ఖాళీ జాగా ఉంటుంది కదా, దాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే గీకిన అంకెలు కనిపిస్తాయి, నా దాని మీద చివర 1ఎస్ అని ఉంది, అంటే అచ్చు కోసం పాటని మొదటిసారి గీసిన మూల ప్లేటు నుంచి వచ్చిందన్నమాట.

ఫోన్లో ఊరికే వినొచ్చు కదా అంటావు. హ్యాంక్ విలియమ్స్ అని ఒక పాటగాడు, 1953 జనవరి 1న పోయాడు, 29 ఏళ్ళకి, కచేరీకి వెళ్తూ కార్లోనే. ఆయన పోయాక ఎమ్‌జీఎమ్ కంపెనీ ఆ పాత పాటలకే వయొలిన్లు అవీ కలిపి 1966లో మళ్ళీ అమ్మింది. ఆ వయొలిన్లేవీ లేకుండా ఆ రోజుల్లో జనం విన్నట్టే వినాలంటే 1950ల నాటి పసుపు లేబుల్ ప్లేటు కావాలి. అది చాలా ఖరీదు, నేను కొనలేదు, షాపాయన వినిపించాడు, ఒక గిటారు, ఫిడేలు, ఆ గొంతు, నాకు కళ్ళలో నీళ్ళొచ్చేశాయి. 2008లో యూనివర్సల్ స్టూడియోస్ గోదాములో మంటలొచ్చి బోలెడు మాస్టర్ టేపులు, అంటే పాటలు మొదట రికార్డు చేసిన అసలు టేపులు, బూడిదయ్యాయి, అలాంటప్పుడు ఎవరి ఇంట్లోనో మిగిలిన ఈ ప్లేట్లని పాత సామాను అని ఎలా అంటామమ్మా.

నేను ఒంటరిగా ఉన్నానని నువ్వు ఏడుస్తున్నావని చెల్లి చెప్పింది. ఏడవకు. ఆదివారాలు ఆ షాపులో నలుగురైదుగురం చేరతాం, అందరూ నాన్న వయసు వాళ్ళే, ఒకాయన నన్ను కొడుకులా చూస్తాడు, పోయినసారి వాళ్ళావిడ చేసిన మొక్కజొన్న రొట్టె కట్టిచ్చాడు. సంబంధం మాట మాత్రం ఇప్పుడొద్దు, వేసవిలో వచ్చినప్పుడు మాట్లాడదాం. నాన్న షుగర్ టెస్ట్ రిపోర్టు ఫోటో పంపమను, రెండు నెలలైంది అడగబట్టి.

సంక్రాంతి సున్నాలకి అటక ఖాళీ చేస్తున్నారట కదా. తాతయ్య రికార్డుల పెట్టె ఎవరికీ ఇవ్వొద్దు, పాత సామాన్ల వాడికి అసలే వద్దు. అవి లక్కవి, కిందపడితే పెంకుల్లా పగిలిపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి పెట్టించు, స్పిరిట్‌తో తుడవనివ్వకు, లక్క కరిగిపోతుంది, మెత్తటి పొడిగుడ్డ చాలు. ఎండ తగలని గదిలో నా బీరువా కింద అర ఖాళీ చేసి అక్కడ పెట్టు. లేబుళ్ళ ఫోటోలు తీసి పంపమని తమ్ముడికి చెప్పు, ఆదివారం రాత్రి వాడికి ఫోన్ చేస్తా.

నీ పెద్దోడు