సింగ్ నగర్ నీళ్లలో మునిగిన మా యాడ్ ఏజెన్సీకి చేయి అందించిన అందరికీ

దీపావళి యాడ్‌లు అయిపోయాయి. సెప్టెంబర్ తర్వాత కుదురుగా కూర్చుని నాలుగు ముక్కలు రాసే తీరిక ఇప్పటికి దొరికింది. సాయం చేసిన వాళ్లందరికీ ఫోన్‌లో చెప్పాను గానీ, నలుగురి ముందూ చెప్పకపోతే నాకు తృప్తి లేదు. ఎవరినీ అడగలేదు కాబట్టి పేర్లు రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం, బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్ నగర్ మీద పడ్డాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా స్టూడియో, ఫ్లెక్స్ మిషన్, గోడౌన్ అన్నీ సింగ్ నగర్‌లో కింది అంతస్తులోనే ఉన్నాయి. మేం లోపలికి అడుగు పెట్టేసరికి వినాయక చవితి వెళ్లిపోయింది. కంప్యూటర్లు, వినైల్ రోల్స్, మొదటి నుంచీ దాచుకున్న పేపర్ కటింగులు, యాడ్ వేయమని పేపర్లకు రాసిచ్చే రిలీజ్ ఆర్డర్ పుస్తకాలు అన్నీ బురద ముద్దలయ్యాయి. ఈమధ్య పనులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. పాత హార్డ్ డిస్కుల్లోవి పోయాయి.

మా లైన్‌లో లేని వాళ్ల కోసం చెబుతున్నా. మాకు ఏడాదంతా ఒక ఎత్తు, చవితి నుంచి దీపావళి దాకా ఒక ఎత్తు. బట్టల షాపులు, బంగారం షాపులు, టీవీలు ఫ్రిజ్‌లు అమ్మేవాళ్లు, అందరి దసరా ఆఫర్లూ అప్పుడే. ఆ బిల్లింగుతోనే వేసవి నెలల జీతాలు నడుస్తాయి. మా వెనక బొంబాయి గ్రూపులేవీ లేవు. పార్టీ, అంటే యాడ్ ఇచ్చిన షాపు, డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా పేపర్‌కి గడువులోగా మేమే కట్టాలి. అలాంటి సమయంలో చేతిలో ఒక్క సిస్టమ్ కూడా లేదు.

ముందుగా ఏలూరు రోడ్డు పెద్దాయనకి. ఊళ్లో మాకు గట్టి పోటీ ఆయన ఏజెన్సీయే. నీళ్లు ఇంకా తీయకముందే ఫోన్ చేసి, "అమ్మాయ్, నీ పిల్లల్ని పంపు. రాత్రి ఎనిమిది దాటితే మా సిస్టమ్స్ అన్నీ ఖాళీయే" అన్నారు. దసరా యాడ్‌లలో సగానికి పైగా ఆయన ఆఫీసులోనే చేశాం. ఆయన పార్టీల లేఅవుట్లు మా వాళ్ల కళ్ల ముందు, మా పార్టీల లేఅవుట్లు ఆయన వాళ్ల కళ్ల ముందు. ఒక్క రేటు కూడా బయటికి పొక్కలేదు.

ఆయన మంచితనం నాకు కొత్త కాదు. గవర్నర్‌పేటలో డీటీపీ ఆపరేటర్‌గా పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లతో పెళ్లి కార్డులు చేసే దాన్ని. క్లాసిఫైడ్స్ తెచ్చిపెడుతూ ఏజెన్సీ మొదలుపెట్టాను. షాపులకు వెళితే "మీవారిని పంపండమ్మా, రేటు మాట్లాడదాం" అనేవారు. అంతకంటే పెద్ద అడ్డు అక్రెడిటేషన్. ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ గుర్తింపు ఉన్న ఏజెన్సీకే పేపర్లు 15 శాతం కమీషన్, అప్పు గడువు ఇస్తాయి. ఆ గుర్తింపు రావాలంటే ముందు బిజినెస్ చూపించాలి. గుర్తింపు లేకుండా బిజినెస్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రోజుల్లో పెద్దాయన గుర్తింపు ఉన్న తన ఏజెన్సీ కోడ్ మీద నా యాడ్‌లు రిలీజ్ చేయించి, కమీషన్‌లో పెద్ద వాటా నాకే వదిలేశారు. నా పార్టీల పేర్లు, వాళ్ల బడ్జెట్లు అన్నీ ఆయన బల్ల మీద నుంచే వెళ్లేవి. ఒక్క పార్టీని కూడా తన వైపు తిప్పుకోలేదు. మా వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఈ మాట బరువు తెలుస్తుంది. మాకు సొంత అక్రెడిటేషన్ వచ్చిన రోజు స్వీట్లు పంచింది కూడా ఆయనే. పెద్దాయనా, మీ రుణం తీరేది కాదు.

పేపర్ల యాడ్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి. సెప్టెంబర్‌లో రిలీజ్ ఆర్డర్ ఫోన్ మెసేజ్‌లో పంపినా స్పేస్ బుక్ చేశారు. అడక్కుండానే మా పాత యాడ్‌ల పీడీఎఫ్‌లు వెతికి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. లోగోలు, షాపు ముందు తీయించిన ఫొటోలు చాలావరకు అలాగే తిరిగి వచ్చాయి.

గుడివాడ డీటీపీ తమ్ముడికి. పాత ఫైలు దొరికినా తెరవడానికి అప్పటి పేజ్‌మేకర్, అప్పటి అను వెర్షన్ కావాలి. లేదంటే అక్షరాలన్నీ చెల్లాచెదురే. అతను పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్ బస్సులో వేసుకుని వచ్చి, రెండు రాత్రులు మా వాళ్ల పక్కన కూర్చుని ఒక్కో ఫైలూ తెరిచాడు. డబ్బులిస్తే బస్ ఛార్జీ మాత్రం తీసుకున్నాడు.

బీసెంట్ రోడ్డు చీరల షాపు అన్నయ్యగారికి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు బిల్లు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టమే చెబుతోంది. అది గుర్తు చేస్తే ముఖం మాడ్చుకునే వాళ్లనీ చూశాను. అన్నయ్యగారు ఆషాఢం సేల్ బకాయితో పాటు ఇంకా వేయని దసరా యాడ్‌కి కూడా ముందే చెక్కు పంపారు. ఆ చెక్కుతోనే ఆ నెల జీతాలిచ్చాం. లబ్బీపేటలో ఇంటి ఓనరు అక్క తన మేడ మీద వాటా తాళాలు నా చేతిలో పెట్టి, అద్దె మాట ఎత్తనివ్వలేదు. మేం ఇప్పటికీ అక్కడే ఉన్నాం.

వేరే ఊళ్ల మున్సిపాలిటీల నుంచి వచ్చి మా వీధిలో బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికులకు దండం పెట్టి చెబుతున్నాను. వాళ్లు ఏ ఊరి వాళ్లో కూడా అడగలేకపోయాను.

ఇక మా వాళ్లు. పాయకాపురంలో ఇల్లు మునిగిన డిజైనర్ అమ్మాయి, పసిబిడ్డను నూజివీడులో పుట్టింట్లో దింపి మూడో రోజుకే పనిలోకి వచ్చింది. ఫ్లెక్స్ మిషన్ ఆపరేటర్ ప్రింట్ హెడ్‌లు విప్పి ఒక్కొక్కటీ కడిగి ఆరబెట్టాడు. రెండు పనిచేస్తున్నాయి. బాబూ, అమ్మా, జీతం ఇచ్చేదాన్ని కాబట్టి వచ్చారని నేను ఏనాడూ అనుకోను.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అక్రెడిటేషన్ లేకుండా ఏజెన్సీ నడుపుకుంటున్న ఆడపిల్లలు ఎవరైనా ఉంటే, మా కోడ్ మీద రిలీజ్ చేసుకోండి. పెద్దాయన నాకు పెట్టిన షరతులే మీకూ. మీ పార్టీలు మీవే.

సెప్టెంబర్ నెల పేపర్ల బాకీ మొత్తం కట్టేశాం. అరువు తెచ్చిన సిస్టమ్స్ ఈ వారంలో తిరిగి పంపుతున్నాం. ఒక్క మనవి: మేం చేసిన పాత యాడ్‌ల కటింగులు, హోర్డింగ్ ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే కాస్త ఇవ్వండి. మొదటి అయిదారేళ్లవి ఇంకా దొరకలేదు. స్కాన్ చేసుకుని, మడత పడకుండా మీవి మీకు తెచ్చి ఇస్తాం.